పెంటికలు ఏరే కొలువు

ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ని కాబట్టి పేడను చూసి ముక్కు మూసుకునే అలవాటు నాకు లేదు. గిద్దలూరు, మార్కాపురం వైపు ఊళ్లలో గేదె పేడ చూస్తే రోగం సగం తెలిసిపోయేది. మిగతా సగం రైతు చెప్పేవాడు. కానీ కెన్యాలో, న్యేరీ అనే కొండపట్నంలో, నా ఎదురుగా కూచుని టీ తాగుతున్న మనిషి కోటు జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి అందులోని నల్లటి పెంటికలు చూపించినప్పుడు మాత్రం ఏమనాలో తోచలేదు. పెంటికలను అంత అపురూపంగా పట్టుకున్న మనిషిని నా సర్వీసు మొత్తంలో చూడలేదు.

"బొంగోవేనా?" అని అడిగాను.

"నాకు అనుమానం లేదు, డక్తారీ. అయితే నా మాట లెక్కలోకి రాదు. ల్యాబ్ వాళ్లు చెప్పాలి."

నేను డాక్టర్నని తెలిసిన దగ్గర్నుంచీ అతను నన్ను స్వాహిలిలో అలాగే పిలిచాడు. తన పేరు మాత్రం పత్రికలో రాయొద్దన్నాడు. అబర్డేర్ కొండల అడవుల్లో బొంగోల జాడ తీయడం అతని కొలువు. మా అమ్మాయి కుటుంబం నైరోబీలో ఉంటుంది. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు, సింహాలు ఏనుగులు అందరూ చూసేవే, ఇంకేదైనా చూపించమని మా అల్లుణ్ని అడిగితే ఈ మనిషి దగ్గరికి తీసుకెళ్లాడు. మా మాటలు కొంత ఇంగ్లీషులో, కొంత అల్లుడి స్వాహిలిలో, మిగతావి సైగల్లో నడిచాయి.

బొంగో దట్టమైన అడవిలో బతికే జంతువు. చూడ్డానికి జింకలా కనిపించినా దుప్పిలా ఏటా కొమ్ములు రాల్చదు. ఆవు, గేదెల్లాగే దాని కొమ్ములు జీవితాంతం ఉంటాయి. కుటుంబం ప్రకారం కూడా అది పశువులకే చుట్టం. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ముదురు ఇటుకరంగు ఒళ్లు, వీపు మీంచి కిందికి సున్నం గీసినట్టు పది పన్నెండు తెల్లచారలు, చేటంత చెవులు, మెలి తిరిగిన కొమ్ములు. ఆడదానికీ కొమ్ములుంటాయి. పొదల్లో పరుగెత్తేటప్పుడు తల పైకెత్తి కొమ్ములను వీపుకు ఆనించి పోతుంది. వయసు మళ్లినవాటికి ఆ రాపిడికి వీపు మీద వెంట్రుకలు ఊడి బోడిమచ్చలు కూడా పడతాయి. ఇంత పెద్ద జంతువు, ఇన్ని చారలతో, ఎలా దాక్కుంటుందా అని అడగొచ్చు. వెదురు పొదల్లో ఎండ గీతలు గీతలుగా పడే చోట పది గజాల దూరంలో ఉన్నా కనబడదట.

పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో బొంగోలు ఇంకా వేలల్లో ఉన్నాయి. కెన్యా కొండల్లో ఉన్నది వేరే ఉపజాతి. ఆ దేశం తప్ప అడవిలో అది మరెక్కడా లేదు. అక్కడ కూడా ఇప్పుడు వందలోపే. అవైనా ఒక్కచోట లేవు: అబర్డేర్ కొండలు, మౌంట్ కెన్యా, మౌ అడవులు, ఎబూరూ అనే చిన్న అగ్నిపర్వతం చుట్టూ ఉన్న అడవి. నడుమంతా టీ తోటలు, మొక్కజొన్న చేలు, ఊళ్లు. ఒక అడవిలోది ఇంకో అడవికి పోయే దారి లేదు.

ఎందుకిలా తగ్గిపోయాయని అడిగితే చాలామంది వేట అంటారు. నా చూపు మాత్రం ముందు రోగం మీదికి పోయింది.

ఆ పశువుల రోగాన్ని మనం ముసర అనేవాళ్లం. ఈ తరం రైతులకు ఆ పేరు కూడా తెలియదు, అదే దాని మీద మనం సాధించిన గెలుపు. జ్వరం, నోట్లో పుళ్లు, ఆగని విరేచనాలు. వారం తిరిగేలోపు కొట్టం ఖాళీ. 1880ల చివర ఆ రోగం ఆఫ్రికా తూర్పు తీరంలో, ఇప్పటి ఎరిత్రియాలో, దిగింది. అక్కడి ఇటలీ సైన్యం కోసం ఓడల్లో తెచ్చిన పశువులతో వచ్చిందనీ, ఆ పశువులు మన దేశం నుంచి వెళ్లినవేననీ చరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. పదేళ్లలో ఖండం దక్షిణపు కొస దాకా పాకింది. మసాయిల మందలు తుడిచిపెట్టుకుపోయాయి, కరువొచ్చింది. ముసర ఊరి పశువులతో ఆగే రోగం కాదు. అడవిదున్నలు, ఎలాండ్, కూడూ లాంటి అడవి జంతువులు కూడా దాని వాత పడ్డాయి. బొంగో ఆ కూడూలకు దగ్గరి బంధువు. ముసరకు తట్టుకోలేని జాతుల్లో అదీ ఒకటి. వేటగాడి తుపాకీ రాకముందే ఈ జంతువు ఒక దెబ్బ తినే ఉందన్నమాట.

దీనికి రెండో సగం కూడా ఉంది. నైరోబీ పక్కనే ముగుగా అనే ఊళ్లో పశు పరిశోధన కేంద్రం ఉండేది. 1960 ప్రాంతంలో వాల్టర్ ప్లౌరైట్ అనే శాస్త్రవేత్త అక్కడే ముసరకు కణజాల వర్ధన పద్ధతిలో టీకా తయారుచేశాడు. ఆ టీకాకు వాడిన వైరస్ పేరు కబేటే 'ఓ'. కబేటే కూడా నైరోబీ శివారే. సర్వీసులో చేరిన కొత్తలో నేను ఐస్ ఫ్లాస్కులో పెట్టుకుని సైకిలు మీద ఊరూరా తిప్పిన టీకాకు మూలం అదే. సీసా మీద ఆ పేరు చదివిన గుర్తుంది, అది ఒక ఊరని మాత్రం అప్పుడు తెలియదు. ప్రపంచంలో ముసర చివరిసారి బయటపడింది కూడా కెన్యాలోనే. 2001లో, మేరు నేషనల్ పార్కులో, అడవిదున్నల్లో. 2011లో భూమ్మీద ఆ రోగం లేదని ప్రకటించారు. ఇదంతా అల్లుడితో చెబితే, "మామయ్యా, మీరు బొంగోను చూడ్డానికొచ్చారా, టీకాను చూడ్డానికా?" అన్నాడు.

మిగిలిన కారణాలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అవి ఏ అడవికైనా ఒకటే. చెట్లు కొట్టారు, గంజాయి తోటలు వేశారు, బొగ్గు కాల్చారు. ఇతర చోట్ల పశువుల మీద పడుతున్న సింహాలను పట్టి తెచ్చి అబర్డేర్‌లో వదిలారు. వెదురు అడవిలో సింహానికి అలవాటు లేని బొంగోలు వాటికి సులువుగా దొరికాయి. తర్వాత ఆ సింహాలను తగ్గించాల్సి వచ్చింది. ఇక వేటకుక్కలు. కుక్కలు చుట్టుముడితే బొంగో పారిపోదు, వెనక్కి తిరిగి కొమ్ములు దించి నిలబడుతుంది. అడవికుక్కల ముందు, చిరుతల ముందు అది పనికొచ్చే ధైర్యమే. కుక్కల వెనకే బల్లెం పట్టుకుని మనిషి వస్తే ఆ నిలబడటమే చావు. 1977లో కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది, కానీ మాంసం కోసం ఉచ్చులు పెట్టేవాళ్లకు ఆ చట్టంతో పెద్ద పని లేదు. అబర్డేర్‌లో ది ఆర్క్ అనే విడిది ముందు చౌడునేల దగ్గరికి ఒకప్పుడు బొంగోలు రాత్రుళ్లు వచ్చి మట్టి నాకేవి, టూరిస్టులు కాఫీ కప్పులతో నిలబడి చూసేవాళ్లు. ఆ రాకలు ఆగిపోయాయి. 1990ల మధ్యకు వచ్చేసరికి మౌంట్ కెన్యాలో కూడా కనిపించడం మానేశాయి. ఇక అడవిలో లేనట్టే అనుకున్నవాళ్లు చాలామంది.

లేవని ఒప్పుకోనివాళ్లలో మైక్ ప్రెటెజాన్ అనే కెన్యావాసి ఒకరు. 2004లో ఆయన బొంగో సర్వైలెన్స్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. పెద్ద పేరే గానీ అసలు సరుకు ట్రాకర్లే. అడవి అంచు ఊళ్లవాళ్లు, వాళ్లలో ఒకప్పుడు అడవిలో వేటాడినవాళ్లు కూడా ఉన్నారు. జంతువు ఎక్కడ నీళ్లు తాగుతుందో, ఏ గాలికి ఎటు తిరుగుతుందో తెలిసిన మనిషి కావాలంటే వేటగాణ్ని మించినవాడు దొరకడు. మన నల్లమలలో పులుల లెక్కకు చెంచుల కళ్లు ఎందుకు కావాల్సి వచ్చాయో ఇదీ అందుకే.

న్యేరీలో నాతో మాట్లాడిన మనిషి తను వేటాడానని చెప్పలేదు, వేటాడలేదనీ చెప్పలేదు. "మా నాన్నకు అడవి బాగా తెలుసు" అన్నాడు, అంతే. నేనూ రెట్టించలేదు.

వాళ్ల పని ఇలా ఉంటుంది. నలుగురైదుగురు కలిసి టార్పాలిన్, ఉగాలి వండుకోడానికి మొక్కజొన్న పిండి, ఉప్పు, టీపొడి మోసుకుని అడవిలోకి పోతారు. రోజుల తరబడి బయటికి రారు. అబర్డేర్ కొండలు భూమధ్యరేఖకు పక్కనే ఉన్నా రెండు మూడు వేల మీటర్ల ఎత్తు కాబట్టి రాత్రి చలికి పళ్లు కొట్టుకుంటాయి. తాకితే దద్దుర్లు లేచే దురదమొక్కలు నడుమెత్తు పెరిగి ఉంటాయి. వెదురులో ఎదురుపడేది ఎక్కువగా ఏనుగూ అడవిదున్నే, అందుకని మాటలుండవు. ముందు నడిచేవాడు చెయ్యెత్తితే వెనకవాళ్లంతా ఆగాలి.

వాళ్లు వెతికేది జంతువును కాదు, దాని గుర్తులను. తడి నేలలో గిట్టల అచ్చు: బుష్‌బక్ అనే చిన్న జంతువుదాని కంటే పెద్దది, అడవిదున్నదాని కంటే చిన్నది. కొమ్ములతో వంచి విరిచి ఆకులు మేసిన కొమ్మ. పళ్లతో గీకిన బెరడు. పిడుగుపడి కాలిన చెట్టు ఎక్కడుందో కూడా గుర్తుపెట్టుకుంటారు. బొంగో ఆ బొగ్గు కొరుకుతుంది, బహుశా ఖనిజాల కోసం. ఆవులు గోడసున్నం నాకితే మనం ఉప్పుదిమ్మ కట్టమని చెప్పమూ, అలాంటిదే అనుకున్నాను. ఈ గుర్తులన్నీ తరచూ కలిసి కనిపించిన దారి పక్కన చెట్టుకు ట్రాప్ కెమెరా కడతారు. జంతువు దాటితే బొమ్మ పడుతుంది. చారలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, ఒకే జంతువుకు కుడిపక్కా ఎడమపక్కా కూడా ఒకేలా ఉండవు. అందుకే దారికి రెండు వైపులా కెమెరాలు ఉంటే మంచిది. ఒక్క పక్క బొమ్మే దొరికితే నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకటేనా, రెండా అని తగువు.

బొమ్మ పడనప్పుడు పెంటికలే దిక్కు. పెంటిక పేగుల్లోంచి జారేటప్పుడు పైపొరకు పేగు గోడ కణాలు అంటుకుని వస్తాయి. వాటిలో జంతువు డిఎన్ఏ ఉంటుంది. తాజా పెంటిక కావాలి, వాన పడితే ఆ పొర కొట్టుకుపోతుంది. కళ్లతో చూసి ఇది బొంగోదని ఎంత అనుభవజ్ఞుడైనా నూటికి నూరుపాళ్లు చెప్పలేడు. బుష్‌బక్, వాటర్‌బక్, ఎలాండ్ పెంటికలు మోసం చేస్తాయి. 2000ల్లో ఇలా ఏరినవాటిని పరీక్షించడం వల్లే పోయాయనుకున్న అడవుల్లో బొంగోలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు. అదే పరీక్షలు ఇంకో చేదు సంగతీ చెప్పాయి: మిగిలినవాటి మధ్య జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఒకే కోడెతో తరతరాలు ఊరి మంద నడిపితే ఏమవుతుందో పశువుల డాక్టరుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇన్నేళ్లలో బొంగోను కళ్లారా ఎన్నిసార్లు చూశావని అడిగాను. చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చన్నాడు. ఎక్కువసార్లు చూసింది పిరుదులేనట, పొదలోకి మాయమవుతూ. ఉచ్చులు మాత్రం లెక్కలేనన్ని తీశాడు. ఇనుపతీగ ఉచ్చు ఏ జంతువు కోసం పెట్టారో దానికి తెలియదు. బుష్‌బక్ కోసం పెట్టినదాంట్లో బొంగో కాలు ఇరుక్కుంటుంది. నల్లమల అంచున అడవిపందుల కోసం మోటారుసైకిలు క్లచ్ వైర్లతో పెట్టే ఉచ్చుల్లో ఇంకేవో పడటం నేను ఎరిగినదే. ఒకసారి అలా కోసుకుపోయిన దుప్పి కాలికి కట్టు కట్టాను, నిలబడలేదు.

ఊళ్లవాళ్ల మాట కూడా ఒప్పుకోవాలి. అడవి పక్కన అరెకరం బంగాళదుంపలు వేసుకున్నవాడికి ఏనుగు రాత్రికి రాత్రి చేను ఊడ్చేస్తే, అడవి మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది? అబర్డేర్ చుట్టూ రైనో ఆర్క్ అనే సంస్థ 1989 నుంచి 2009 దాకా కట్టిన కరెంటు కంచె ఈ తగువును చాలావరకు చల్లార్చింది. దాదాపు 400 కిలోమీటర్లు. డబ్బు కోసం ఏటా జీపుల పందెం పెడతారు, గుట్టలూ వాగుల్లో, దారి లేని చోట. పెట్రోలు తగలేసి అడవిని కాపాడటం ఏమిటని మా అల్లుణ్ని అడిగాను. కంచె నిలబడింది కదా అన్నాడు. 2014లో ఎబూరూ చుట్టూ కూడా కంచె పూర్తయింది. ఇప్పుడు ఆ లోపల ఉన్న కొద్ది బొంగోలు భద్రమే గానీ కొత్త రక్తం దానంతట అది రాదు. ఎవరో తేవాలి.

ఆ తేవడం కథ నన్యూకీలో ఉంది. మౌంట్ కెన్యా పాదాల దగ్గర, భూమధ్యరేఖ మీదున్న పట్నం. 1967లో అక్కడ హాలీవుడ్ నటుడు విలియం హోల్డెన్, డాన్ హంట్, ఇంకొకరు కలిసి వన్యప్రాణుల క్షేత్రం పెట్టారు. 1960, 70ల్లో అబర్డేర్‌లో పట్టిన బొంగోలు అమెరికా జూలకు వెళ్లాయి. ఇవాళ విని మనం మండిపడొచ్చు. కానీ అడవిలో జాతి కరిగిపోతున్న ముప్పై ఏళ్లూ అక్కడి జూల్లో వాటి సంతతి పెరిగింది, ఏది దేని పిల్లో పుస్తకం రాసి మరీ పెంచారు. 2004లో వాటిలో 18 బొంగోలు విమానంలో నన్యూకీకి తిరిగొచ్చాయి.

నేను ఎక్కువసేపు నిలబడింది ఆ క్షేత్రం కంచె దగ్గరే. ఒక ఆడది కంచెకు దగ్గరగా వచ్చి ఆకులు నములుతూ నా వైపు చెవులు తిప్పింది. అందం సంగతి సరే, నా చెయ్యి దాని చెవి వెనక పిడుదులు వెతకాలని లాగింది. అలవాటు. అయినా అది ఊరికే పుట్టిన దురద కాదు. అమెరికా నుంచి వచ్చినవాటిని పిడుదుల రోగం దెబ్బతీసింది, థైలీరియా జాతి పరాన్నజీవి. మన ఊళ్లలో జెర్సీ సంకరజాతి ఆవును కొత్తగా కొనితెచ్చిన రైతుకు ఇదే అనుభవం. నాటు ఆవు పక్కనే అదే పిడుదులతో హాయిగా మేస్తుంటుంది, బయటినుంచి వచ్చింది మూడో వారానికి జ్వరంతో, భుజం ముందు గ్రంథులు ఉబ్బి పడిపోతుంది. దూడప్పుడే ఆ క్రిమి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్లిన పశువుకు ఓర్పు వస్తుంది. కెన్యా ఆవులకైతే ఒక ఘాటైన పద్ధతి ఉంది: క్రిమినే సూదితో ఎక్కించి, వెంటనే టెట్రాసైక్లిన్ పొడుస్తారు. అదీ ముగుగాలో రూపుదిద్దుకున్నదే. ఆవుకు చేసే పని బొంగోకు చేసే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే అక్కడే పుట్టి, అక్కడి పిడుదుల మధ్య పెరిగిన తరాల కోసం ఓపిక పట్టాల్సి వచ్చింది. బొంగోలు ఎన్నున్నాయని అడిగేవాళ్లు ఎక్కువ. నేనైతే అక్కడ పుట్టి నిలదొక్కుకున్న దూడలెన్ని అని అడుగుతాను.

క్షేత్రంలో మంద దాదాపు వందకు చేరింది. 2022 మార్చిలో మౌంట్ కెన్యా అడవిలోనే 776 ఎకరాలకు కంచె కట్టి మవింగూ అభయారణ్యం అని పేరు పెట్టి మొదట అయిదు బొంగోలను వదిలారు. అక్కడికి పోయే ముందు వాటికి మనిషిని మరిపించాలి. దాణా తగ్గించి, కనబడటం తగ్గించి, ఒక్కో దొడ్డి దాటిస్తూ పోతారు. పశువును మచ్చిక చేయడం నాకు తెలుసు. ఉన్న మచ్చికను పోగొట్టే పని నా కాలేజీలో చెప్పలేదు. 2025 ఫిబ్రవరిలో ఫ్లోరిడా నుంచి మరో 17 వచ్చాయి. వాటిని మేరు వైపు అడవులకు తీసుకెళ్లారు. విమానాశ్రయంలో మంత్రి ఎదురెళ్లారు, టీవీ కెమెరాలు వెళ్లాయి.

2019లో కెన్యా ప్రభుత్వం వేసుకున్న ప్రణాళికలో లెక్క పెద్దది: యాభై ఏళ్లలో 750 బొంగోలు. వాటిని ఎప్పటికైనా కంచె దాటి వదిలాక, ఏది బతికింది, ఏది పోయింది, ఏది చిరుత పాలైంది అని కనుక్కునేది మళ్లీ కాలినడకన తిరిగే ఈ ట్రాకర్లే. రేడియో పట్టీలు కొంత చెబుతాయి, బ్యాటరీ ఉన్నంతకాలం. గిట్టల అచ్చు చూసి నిన్నటిదో మొన్నటిదో చెప్పే విద్య మాత్రం ఏ శిక్షణ తరగతిలోనూ వారం రోజుల్లో రాదు. న్యేరీ మనిషికి యాభై దాటాయి. యాభై ఏళ్ల ప్రణాళిక గురించి ఎత్తి, మీ తర్వాత ఈ పని ఎవరు చేస్తారని అడిగాను. ఇద్దరు కొడుకులున్నారని అప్పటికే చెప్పాడు.

"పెద్దవాడు బోడా బోడా తోలుతున్నాడు డక్తారీ" అన్నాడు. బోడా బోడా అంటే అక్కడి అద్దె మోటారుసైకిలు. "రెండోవాడు నాతో ఒకసారి అడవికి వచ్చాడు. బాగానే నడుస్తాడు, కళ్లు కూడా చురుకే. తిరిగొచ్చాక జీతం ఎంతని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు వాడూ అన్న దగ్గర బండి నేర్చుకుంటున్నాడు."